అలల ఫ్లూమ్‌లో నీటి వేగాన్ని వీడియోతో కొలవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

దక్షిణ ఒడిశాలో బ్రహ్మపురం, ఛత్రపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు ఇంజినీరింగ్ చదివే మన పిల్లల్లో చాలామందికి ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, కళాశాలలో ఇంగ్లీషు. ప్రాజెక్టు కోసం అలల ప్రయోగం ఎంచుకున్నవారు నన్ను అడిగే సందేహాలకు జవాబులను ఒకచోట తెలుగులో పెడుతున్నాను. మెకానికల్ విద్యార్థులకూ, ఇంటర్ దాటిన ఆసక్తిపరులకూ ఇవి పనికొస్తాయి. ఒక మాట ముందే చెప్పాలి. కంప్యూటర్ తెరమీద నీటి వేగాన్ని చూపించే రంగురంగుల బాణాలు కనిపించగానే కొలత పూర్తయిందనుకోవద్దు. వెలుతురు, స్కేలు, సమయం అనే మూడూ సరిగ్గా కుదిరితేనే ఆ బాణాలకు విలువ ఉంటుంది.

సముద్రం పక్కనే ఉంది కదా, తొట్టిలో అలలు పుట్టించి చూడటం ఎందుకు?

బ్రహ్మపురం దగ్గరి గోపాలపూర్ ఒడ్డున నిలబడి గమనించండి. వరసగా వచ్చే రెండు కెరటాలు ఒకేలా ఉండవు. గాలి, ఆటుపోట్లు, అడుగున ఇసుక తిన్నెలు అన్నీ ఒకేసారి మారుతుంటాయి. వాటిలో దేని ప్రభావం ఎంతో విడదీసి చెప్పాలంటే అదే అలను మళ్లీ మళ్లీ పుట్టించగలగాలి. ఫ్లూమ్ అంటే ప్రయోగశాలలో ఉండే పొడవాటి, గాజు గోడల నీటి తొట్టి. దాని ఒక చివర పాడిల్ అనే పలక ముందుకూ వెనక్కూ ఆడి ఆ పని చేస్తుంది. పైగా 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాలపూర్ దగ్గర తీరం దాటినప్పటిలాంటి సముద్రంలో పరికరం దించి కొలవడం మనిషికి సాధ్యమయ్యే పని కాదు.

మన గంజాం జిల్లా వాళ్లకు ఇది పుస్తకాల్లోనే ఉండిపోయే విషయం కాదు. ఋషికుల్యా నది ముఖద్వారం దగ్గరి పొడంపేటలో సముద్రపు కోత వల్ల జాలరి కుటుంబాలు ఇళ్లు వదులుకోవలసి వచ్చింది. ఒడ్డును కోసేది నీటి కదలిక. అడుగున నీరు ఎంత వేగంతో ముందుకూ వెనక్కూ ఊగుతోందో దాన్ని బట్టే ఇసుక లేస్తుంది, కదులుతుంది. ఆ వేగాన్ని కొలవడం నేర్చుకున్న విద్యార్థులు ఈ తీరం నుంచే రావాలని నా కోరిక.

అల ఎత్తును కొలిచే గేజీ ఉంది కదా, మళ్లీ వీడియో దేనికి?

గేజీ నీటిమట్టాన్ని చెబుతుంది. నీటి లోపల ఏం జరుగుతోందో అది చెప్పదు. అల వేగం వేరు, నీటి వేగం వేరు. ఈ తేడా మనసుకు ఎక్కకపోతే తర్వాతి లెక్కలన్నీ తప్పుదారి పడతాయి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఫ్లూమ్‌లో నీటి లోతు 40 సెంటీమీటర్లు, అల ఎత్తు 8 సెంటీమీటర్లు, ఆవర్తన కాలం 1.5 సెకన్లు అనుకోండి. 19వ శతాబ్దంలో జార్జ్ ఎయిరీ ఇచ్చిన సరళ తరంగ సిద్ధాంతం ప్రకారం ఆ అల పొడవు సుమారు 2.6 మీటర్లు. అంటే శిఖరం సెకనుకు సుమారు 174 సెంటీమీటర్లు పరుగెడుతుంది. కానీ దాని కింద నీటి కణాల గరిష్ఠ వేగం ఉపరితలం దగ్గర 22, అడుగున 15 సెంటీమీటర్లు మాత్రమే. మనం కొలవాలనుకుంటున్నది ఈ రెండో రకం వేగాన్ని. కింది జవాబుల్లో లెక్క వచ్చిన ప్రతిచోటా ఈ అలనే వాడతాను. మీరూ కాగితం మీద వేసి చూసుకోండి.

వీడియో బొమ్మల నుంచి వేగం ఎలా వస్తుంది?

నీరు పారదర్శకం కనుక దాని కదలిక కెమెరాకు కనబడదు. అందుకని నీటితోపాటే కదిలే సన్నని కణాలను కలిపి, పలుచని పొరలాంటి వెలుతురులో వాటిని ఫొటోలు తీస్తాం. 1904 ప్రాంతంలోనే లుడ్విగ్ ప్రాంటిల్ జర్మనీలో నీటి కాలువలో అభ్రకపు పొడి చల్లి ప్రవాహాన్ని కళ్లకు కట్టాడు. ఆయన చూపించింది ప్రవాహం ఆకారాన్ని. అంకెలు రావడానికి మరో 80 ఏళ్లు పట్టింది. పార్టికల్ ఇమేజ్ వెలాసిమెట్రీ అనే పేరు 1984లో స్థిరపడింది. అందరూ పీఐవీ అంటారు. 1991లో విలర్ట్, ఘరిబ్ ఫిలిం లేకుండా నేరుగా డిజిటల్ బొమ్మలతో ఆ పని చేసి చూపించారు.

పద్ధతి ఇది. ఫ్రేమును చిన్న చిన్న గళ్లుగా విడగొడతాం. గడి ఒక్కొక్కటి 32 పిక్సెళ్ల చదరం అనుకోండి. మొదటి ఫ్రేములో ఒక గడిలోని చుక్కల అమరిక రెండో ఫ్రేములో ఎక్కడికి జరిగితే బాగా సరిపోతుందో కంప్యూటర్ వెతుకుతుంది. బ్రహ్మపురంలో ఠాకురాణి యాత్ర జనాన్ని మేడమీద నుంచి చూస్తున్నామనుకోండి. ఒక్కొక్కరి ముఖం గుర్తుపట్టలేకపోయినా, దగ్గరదగ్గరగా నడుస్తున్న గుంపు అమరికను బట్టి అది ఎటు జరిగిందో చెప్పగలం. ఇక్కడా అంతే, ఏ ఒక్క కణాన్నీ వెంబడించం. అమరిక జరిగిన దూరాన్ని రెండు ఫ్రేముల మధ్య కాలంతో భాగిస్తే ఆ గడిలోని సగటు వేగం వస్తుంది.

కణాలు పలుచగా ఉంటే ఒక్కొక్కదాన్నే వెంబడించే పద్ధతి కూడా ఉంది, దాన్ని పార్టికల్ ట్రాకింగ్ వెలాసిమెట్రీ, పొట్టిగా పీటీవీ అంటారు. మొదటిసారి చేసేవారికి అదే తేలిక.

ఫోను కెమెరా సరిపోతుందా?

మన ఉదాహరణలోని అలకు చాలావరకు సరిపోతుంది. 1920 పిక్సెళ్ల వెడల్పున్న ఫ్రేములో 48 సెంటీమీటర్ల నీరు పడితే ఒక్క పిక్సెల్ పావు మిల్లీమీటరు అవుతుంది. సెకనుకు 120 ఫ్రేములు తీస్తే, 22 సెంటీమీటర్ల వేగంతో కదిలే నీరు ఫ్రేముకు సుమారు ఏడున్నర పిక్సెళ్లు జరుగుతుంది. గడి వెడల్పులో నాలుగో వంతుకు మించి జరగకూడదన్నది ఈ రంగంలో అందరూ పాటించే నియమం. 32లో నాలుగో వంతు 8 కనుక అంచునే అయినా నియమం లోపలే ఉన్నాం.

ఫోనుతో వచ్చే ఇబ్బందులు వేరేచోట ఉన్నాయి. దాన్ని తన ఇష్టానికి వదిలేస్తే ఎక్స్‌పోజర్‌నూ ఫోకస్‌నూ మధ్యలో మార్చేస్తుంది. అందుకే అన్నీ మాన్యువల్‌లో బిగించాలి. ఎక్స్‌పోజర్ సెకనులో వెయ్యో వంతు ఉంటే కణం ఒక పిక్సెల్ లోపే సాగుతుంది. నూట ఇరవయ్యో వంతు ఉంచితే కణాలన్నీ గీతలుగా మారిపోయి లెక్కకు పనికిరావు. వెలుతురు తక్కువైతే కొన్ని ఫోన్లు ఫ్రేముల మధ్య వ్యవధినే మార్చేస్తాయి. ఇది బయటికి కనబడని లోపం కనుక చాలా ప్రమాదకరం. మిల్లీసెకన్లు చూపించే గడియారాన్ని ఒకసారి వీడియో తీసి వ్యవధి సమానంగా ఉందో లేదో సరిచూసుకోండి. స్లో మోషన్ ఫైళ్లతో మరీ జాగ్రత్త. 240 ఫ్రేములతో తీసిన దాన్ని సాఫ్ట్‌వేర్ 30 ఫ్రేములుగా చదివితే వేగాలన్నీ ఎనిమిదో వంతుకు పడిపోతాయి.

ఫోను సెన్సారు ఫ్రేమును పైనుంచి కిందికి వరసవరసగా చదువుతుంది కాబట్టి బొమ్మంతా ఒకే క్షణానిది కాదని కొందరు భయపెడతారు. నెమ్మదిగా సాగే అలకు అది పెద్ద దోషం కాదు. గోడకు కొట్టి ఎగిసే నీటికి మాత్రం ఫోను వదిలి మంచి కెమెరా వెతుక్కోవాలి.

ట్యూబులైటు వెలుతురులో తీస్తే బొమ్మ మిణుకుమిణుకుమంటోంది. ఎందుకని?

మన కరెంటు 50 హెర్ట్జ్. దానిమీద నడిచే చాలా దీపాల వెలుగు సెకనుకు 100 సార్లు హెచ్చుతగ్గులవుతుంది. 120 ఫ్రేములతో తీస్తే ఆ రెండింటి తేడా సెకనుకు 20 సార్లు మిణుకుగా కనిపిస్తుంది. గది దీపాలన్నీ ఆర్పేసి, బ్యాటరీతో నడిచే ఎల్‌ఈడీ వాడండి.

నీటిలో ఏమి కలపాలి?

నీటి సాంద్రతకు దగ్గరగా ఉండి, వెలుగును బాగా వెదజల్లే సన్నని పొడి కావాలి. పెద్ద ప్రయోగశాలల్లో 50 మైక్రాన్ల పాలిఅమైడ్ పొడి, 10 మైక్రాన్ల బోలు గాజు గోళాలు వాడతారు. 50 మైక్రాన్ల పాలిఅమైడ్ కణం నీటికంటే మూడు శాతం బరువు. స్టోక్స్ సూత్రంతో లెక్కేస్తే అది సెకనుకు 0.04 మిల్లీమీటరు చొప్పున మాత్రమే కిందికి దిగుతుంది. మనం కొలిచే వేగాల ముందు అది లెక్కలోకి రాదు.

ఉపరితల కదలిక చాలనుకుంటే కాగితపు ముక్కలు చాలు. థర్మోకోల్ గుళికలు వద్దనే చెబుతాను. అవి నీటిమీద ఎత్తుగా తేలి, ఫ్యాను గాలికి కూడా కొట్టుకుపోతాయి. అప్పుడు మీరు కొలిచేది గాలిని.

ఎంత కలపాలన్నది కంటితో తేల్చుకోవాలి. ఒక్కో గడిలో పది కణాలు కనిపిస్తే హాయిగా పని జరుగుతుంది. ఇంకా కావాలని పోసేస్తే నీరు పాలలా మారి, కెమెరాకు కావలసిన పొర కనబడకుండా పోతుంది. బోరు నీరు వాడేవాళ్లు రాత్రంతా తేరనిచ్చి మర్నాడు ప్రయోగం చేయండి. గాజుమీద అంటుకున్న బుడగలను తుడవడం మరవద్దు.

లేజర్ తప్పనిసరా?

కాదు. పరిశోధనా సంస్థల్లో 532 నానోమీటర్ల ఆకుపచ్చ లేజర్‌ను రెండు స్పందనలుగా వదిలి వాడతారు. ఆ లేజర్లు నాలుగో తరగతికి చెందినవి. గాజుమీద పడి తిరిగివచ్చిన కిరణం కూడా కంటిచూపును శాశ్వతంగా పోగొడుతుంది. శిక్షణ పొందిన వ్యక్తి పక్కన లేకుండా, సరైన కళ్లద్దాలు లేకుండా ఆ గదిలోకి అడుగు పెట్టకండి. ఆన్‌లైన్‌లో చవకగా దొరికే పెన్ను లేజర్లలో కొన్ని వాటి లేబుల్ మీద రాసినదానికంటే ఎక్కువ శక్తి వదులుతాయి. వాటిని ఈ పనికి వాడవద్దని గట్టిగా చెబుతున్నాను.

విద్యార్థుల ప్రాజెక్టుకు ఎల్‌ఈడీ పట్టీ ముందు నల్లటి అట్టలో సన్నని చీలిక పెడితే అర సెంటీమీటరు మందం వెలుతురు పొర వస్తుంది. వెలుతురు పై నుంచి వేస్తే ఒక చిక్కుంది. అల శిఖరం కటకంలా కాంతిని ఒకచోట చేరుస్తుంది, పల్లం చెదరగొడుతుంది. దాంతో నీటిలో వెలుగు చారలు అలతోపాటు పరుగెడతాయి. సాఫ్ట్‌వేర్ వాటినే కణాల కదలిక అనుకునే ప్రమాదం ఉంది. ఫ్లూమ్ అడుగున గాజు ఉంటే కిందినుంచి వేయడమే మేలు.

స్కేలు ఎలా పెట్టాలి? గాజుమీద టేపు అంటిస్తే చాలదా?

చాలదు. ఈ ఒక్క విషయం మీద కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే నేను చూసిన ప్రాజెక్టు నివేదికల్లో అన్నిటికంటే ఎక్కువ పాడయ్యేది ఇక్కడే.

కెమెరా గాజుకు 1 మీటరు దూరంలో ఉందనుకోండి. వెలుతురు పొర గాజుకు 20 సెంటీమీటర్లు లోపల ఉంది. నీటి వక్రీభవన గుణకం 1.33 కనుక ఆ 20 సెంటీమీటర్లు బయటినుంచి చూస్తే 15గా కనిపిస్తాయి. అంటే గాజుమీది టేపు కెమెరాకు 100 సెంటీమీటర్ల దూరంలో ఉంటే, కణాలు 115 దూరంలో ఉన్నట్లు లెక్క. టేపుమీది సెంటీమీటరు బొమ్మలో 15 శాతం పెద్దగా కనిపిస్తుంది. దాన్ని స్కేలుగా తీసుకుంటే మీ వేగాలన్నీ సుమారు 13 శాతం తక్కువ వస్తాయి. మన అలలో ఉపరితలపు 22 సెంటీమీటర్లు 19గా కనిపిస్తాయన్నమాట. ఆ తర్వాత సిద్ధాంతం తప్పనో, పాడిల్ సరిగ్గా ఆడలేదనో కారణాలు వెతుకుతూ వారాలు గడిచిపోతాయి.

సరైన పని ఇది. గళ్లు గీసిన ప్లాస్టిక్ పలకను నీరు నింపిన ఫ్లూమ్‌లో, సరిగ్గా వెలుతురు పొర ఉన్న తలంలో నిలబెట్టి ఫొటో తీయండి. అప్పుడు గాజు, నీరు, కెమెరా దూరం అన్నీ ఆ ఒక్క బొమ్మలోనే లెక్కకు వస్తాయి. పలక నాలుగు మూలల్లోనూ గళ్లు సమానంగా ఉన్నాయో లేదో చూస్తే కెమెరా వంకరగా ఉందో, లెన్స్ అంచుల్లో బొమ్మను వంచుతోందో కూడా తెలుస్తుంది. పలక తీసేశాక కెమెరాను గానీ స్టాండును గానీ ఎవరూ తాకకూడదు. తాకితే మళ్లీ మొదటినుంచి చేయాలి. ఇందులో బేరం లేదు.

అల పైఅంచు దగ్గర బాణాలు అడ్డదిడ్డంగా వస్తున్నాయి. ఏం చేయాలి?

నీటి ఉపరితలం కింద నుంచి చూస్తే అద్దంలా పనిచేస్తుంది. అసలు కణాలతోపాటు వాటి ప్రతిబింబాలు కూడా బొమ్మలో పడతాయి. ప్రతి ఫ్రేములోనూ ఉపరితల రేఖను గుర్తించి, దానికి పైనున్న భాగాన్ని లెక్కలోంచి తీసేయాలి. సగం నీరు, సగం గాలి పడిన గళ్లను కూడా నమ్మవద్దు. ఇది ఓపిక కోరే పని, కానీ దీనికి అడ్డదారి లేదు.

విరిగే అలలో అంతా తెల్లటి నురుగే. అక్కడ ఈ పద్ధతి పనిచేస్తుందా?

మామూలు పీఐవీ అక్కడ చేతులెత్తేస్తుంది. బుడగలు వెలుగును అన్ని దిక్కులకూ చిమ్మి కెమెరాను నింపేస్తాయి. 2005లో ర్యూ, చాంగ్, లిమ్ దీనికి చక్కని దారి చూపించారు. బుడగలు అడ్డమనుకోకుండా వాటినే కణాలుగా తీసుకున్నారు. లేజర్ లేకుండా, వెనుకనుంచి వేసిన సమమైన వెలుతురులో బుడగల అమరికను వెంబడించారు. దీన్ని బబుల్ ఇమేజ్ వెలాసిమెట్రీ అంటారు. కట్టడాల మీద విరుచుకుపడే నీటి వేగం కొలవడానికి ఇది ఎంతో పనికొచ్చింది. ఓడరేవుల దగ్గర రాతి కట్టలు చూసి పెరిగిన మన పిల్లలు తప్పక చదవాల్సిన విషయం ఇది.

ఏ సాఫ్ట్‌వేర్ వాడాలి?

పీఐవీల్యాబ్ ఉచితం, కానీ అది మ్యాట్‌ల్యాబ్ కోసం రాసినది. పైథాన్ తెలిసినవారికి ఓపెన్‌పీఐవీ ఉంది. కణాలను ఒక్కొక్కటిగా వెంబడించడానికి ట్రాకర్ అనే ఉచిత ప్రోగ్రాం బాగుంటుంది.

డిస్కులో చోటు గురించి కూడా ముందే ఆలోచించుకోండి. కుదించకుండా దాచితే నలుపు తెలుపు వీడియో సెకనుకు 250 మెగాబైట్ల దాకా తింటుంది. 20 సెకన్లకు 5 గిగాబైట్లు.

వచ్చిన అంకెలు నిజమని ఎలా నమ్మాలి?

పాడిల్ ఆపి, నీరు పూర్తిగా నిలిచాక వీడియో తీసి లెక్క కట్టండి. జవాబు సున్నాకు దగ్గరగా రావాలి. ఎంత తేడా వస్తే అది మీ కొలతలోని కనీస దోషం. బాగా చేసిన పీఐవీలో పిక్సెల్‌లో పదో వంతు దోషం మామూలు. మన అమరికలో అది సెకనుకు 3 మిల్లీమీటర్లు. అంతకంటే చిన్న వేగం గురించి నివేదికలో రాయకండి.

తర్వాత, తెలిసిన అలతో పోల్చండి. చిన్న ఎత్తున్న, విరగని అలకు ఎయిరీ సిద్ధాంతం ఇచ్చే విలువలు మీ దగ్గర ఉన్నాయి. శిఖరం కింద నీరు ముందుకు, పల్లం కింద వెనక్కు పోవాలి. అడుగున నిలువు కదలిక మాయమై, కణాలు అడ్డంగా మాత్రమే ఊగాలి. లోతుతోపాటు వేగం 22 నుంచి 15కు క్రమంగా తగ్గాలి. ఇవేవీ కనబడకపోతే బాణాలు ఎంత అందంగా ఉన్నా పక్కన పెట్టేయండి. ధ్వనితో వేగం కొలిచే ఏడీవీ పరికరం మీ కళాశాలలో ఉంటే ఒక బిందువు దగ్గర దానితో కూడా పోల్చి చూడండి.

ఫ్లూమ్ చివరినుంచి అల వెనక్కి తిరిగి వస్తుందని కూడా గుర్తుంచుకోవాలి. చివర వాలుగా రాళ్లో, రంధ్రాలున్న పదార్థమో పేర్చి దాన్ని తగ్గించండి. ప్రతిఫలించిన అల చేరేలోపు వచ్చే కొన్ని శుభ్రమైన అలలనే లెక్కకు తీసుకోండి. ఎన్నో అల అన్నది తెలియడానికి పాడిల్ కదలగానే వెలిగే చిన్న ఎల్‌ఈడీని ఫ్రేము మూలలో పెట్టుకుంటే చాలు. అప్పుడు వేర్వేరు సార్లు తీసిన వీడియోలను ఒకే దశ దగ్గర కలిపి సగటు తీయవచ్చు.

అల నీటిని మోసుకుపోదని చదివాం. మా వీడియోలో కణాలు నెమ్మదిగా ముందుకు జరుగుతున్నాయి. తప్పు చేశామా?

లేదు, మీరు బాగా చేశారు! కణం తిరిగే దారి పూర్తిగా మూసుకోదని 1847లో స్టోక్స్ లెక్క కట్టాడు. పైభాగంలో ముందుకు పోయే వేగం, కింద వెనక్కు వచ్చే వేగం కంటే కొద్దిగా ఎక్కువ. మన అలకు ఆ జరుగుడు ఉపరితలం దగ్గర సెకనుకు సుమారు 2.3 సెంటీమీటర్లు. ఫ్లూమ్ రెండు చివరలా మూసి ఉంటుంది కనుక అలా ముందుకు చేరిన నీరు మరో లోతులో వెనక్కి రాక తప్పదు. ఆ తిరుగు ప్రవాహం కూడా మీ కొలతలో కలుస్తుంది. అందుకే ఎక్కువసేపు నడిపిన వీడియోలో జరుగుడు స్టోక్స్ లెక్కకు అచ్చంగా సరిపోదు.

ఫ్లూమ్‌లో వచ్చిన ఫలితాన్ని గోపాలపూర్ తీరానికి నేరుగా చెప్పవచ్చా?

కొంతవరకు. నమూనాను 25వ వంతుకు కుదించామనుకుంటే, అలల నమూనాలకు వాడే ఫ్రౌడ్ నియమం ప్రకారం కాలమూ వేగమూ దాని వర్గమూలం చొప్పున, అంటే 5వ వంతుకు తగ్గుతాయి. అప్పుడు మన అల సముద్రంలో 10 మీటర్ల లోతున 2 మీటర్ల ఎత్తు, 7.5 సెకన్ల కాలం గల అలకు సమానం. అడుగున 15 సెంటీమీటర్ల వేగం అక్కడ 75 సెంటీమీటర్లు.

ఇసుక మాత్రం ఈ లెక్కకు లొంగదు. రేణువును 25వ వంతుకు కుదిస్తే అది ఒండ్రులా అంటుకుపోయే బురద అవుతుంది. బుడగలూ అంతే, తలతన్యత ఫ్లూమ్‌లోనూ సముద్రంలోనూ ఒకటే. కాబట్టి నీటి వేగం గురించి ధైర్యంగా చెప్పండి. ఒడ్డు ఏడాదికి ఎన్ని మీటర్లు కోసుకుపోతుందన్నది చిన్న ఫ్లూమ్ నుంచి చెప్పకండి. ఊళ్ల బతుకులు ఆధారపడిన విషయం అది.

ఫ్లూమ్ లేని కళాశాలలో ఏం చేయవచ్చు?

పొడవైన గాజు చేపల తొట్టి, చేత్తో ఆడించే పలక, ఫోను, స్టాండు, నల్లని వెనుక తెర ఉంటే పీటీవీ మొదలుపెట్టవచ్చు. కణాల దారులు దీర్ఘవృత్తాలుగా కనబడటం, లోతుతోపాటు అవి చదునవడం చూస్తే సిద్ధాంతం ఇక మరిచిపోరు. పెద్ద సౌకర్యాలు చూడాలనుకునేవారు పుణె దగ్గర ఖడక్‌వాస్లాలోని కేంద్ర జల, విద్యుత్ పరిశోధనా కేంద్రం గురించీ, మద్రాసు ఐఐటీ ఓషన్ ఇంజినీరింగ్ విభాగం గురించీ తెలుసుకోండి.

ఇదే పద్ధతితో వంశధారలోనో, ఋషికుల్యలోనో ప్రవాహం కొలవవచ్చా?

కొలవవచ్చు. జపాన్‌కు చెందిన ఫుజితా, ఆయన సహచరులు 1990లలో దీన్ని నదులకు విస్తరించారు. నదిలో పొడి కలపనవసరం లేదు, నురుగు, తేలే ఆకులు, ఉపరితలపు ముడతలే కణాల పని చేస్తాయి. కెమెరా ఏటవాలుగా చూస్తుంది కాబట్టి ఒడ్డున కొలతలు తెలిసిన కనీసం నాలుగు గుర్తులు ఫ్రేములో ఉండాలి. వాటి ఆధారంగా బొమ్మను పైనుంచి చూసినట్లు సరిచేస్తారు. వచ్చేది ఉపరితల వేగం మాత్రమే. లోతు మొత్తానికి సగటు కావాలంటే సాధారణంగా 0.85తో గుణిస్తారు. అయితే నది అడుగు గరుకుదనాన్ని బట్టి అది మారుతుంది. గాలి బలంగా వీచే రోజున ముడతలు గాలితో పరుగెడతాయి కనుక ఆ రోజు కొలవకండి. గుర్తులను ఎండాకాలంలోనే పాతి కొలతలు రాసి ఉంచుకోండి. వరద వచ్చినప్పుడు గట్టు దిగకుండా వంతెన మీది నుంచే వీడియో తీయండి.